తూకం రాయినే తూచాలంటే: రేడియో కాలిబ్రేటర్ సోర్స్‌ల పోలరైజేషన్ కొలిచే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

రేడియో టెలిస్కోప్‌తో పోలరైజేషన్ (తరంగం ఏ దిశలో ఊగుతోందన్నది) కొలవాలంటే ముందు ఆ టెలిస్కోప్‌ని కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని తప్పులు కనిపెట్టి సరిచేయాలి, కాలిబ్రేట్ చేయాలంటే పోలరైజేషన్ ముందే తెలిసిన సోర్స్ (ఆకాశంలో రేడియో తరంగాలు పంపే వస్తువు) ఒకటి ఉండాలి, దాన్నే కాలిబ్రేటర్ అంటారు, ఆ సోర్స్‌ది ఎవరు కొలిచారయ్యా అంటే ఇంకెవరో ఇంకో టెలిస్కోప్‌తో కొలిచారు. మరి వాళ్ల టెలిస్కోప్‌ని ఎవరు సరిచేశారు? ఇలా వెనక్కి వెళ్తూనే ఉంటే తల తిరుగుతుంది. తూకం రాయి బరువు తెలియాలంటే తక్కెడ సరిగ్గా ఉండాలి, తక్కెడ సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే రాయి కావాలి, అదీ ఇక్కడి ఇబ్బంది.

ఈ ముడి విప్పే కిటుకు ఒకటే ఉంది, దాన్ని పట్టుకుంటే మిగతా అంతా దాని చుట్టూ తిరిగే లెక్కే. భూమి తిరిగేకొద్దీ ఆకాశంలో సోర్స్ మన ఫీడ్‌కి (డిష్ పోగుచేసిన తరంగాన్ని అందుకునే భాగానికి) సంబంధించి తిరుగుతుంది, కానీ టెలిస్కోప్ లోపల ఉన్న తప్పు ఫీడ్‌తోపాటే ఉంటుంది, అది తిరగదు. తిరిగేది సోర్స్‌ది, తిరగనిది మన మెషీన్‌ది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని చదవండి.

అసలు కొలిచేది ఏంటి

పోలరైజేషన్ అంటే తెలుగు పుస్తకాల్లో ధ్రువణం, నేను మాత్రం అందరూ అనే మాటే వాడతా. 1852లో స్టోక్స్ ఇచ్చిన నాలుగు అంకెలతో మొత్తం కథ నడుస్తుంది: ఐ అంటే మొత్తం తీవ్రత, క్యూ, యూ అంటే లీనియర్ పోలరైజేషన్ (ఊపు ఒకే గీత మీద), వీ అంటే సర్క్యులర్ (ఊపు గుండ్రంగా తిరుగుతూ). క్యూ స్క్వేర్, యూ స్క్వేర్ కూడి వర్గమూలం తీస్తే లీనియర్ పోలరైజ్డ్ ఫ్లక్స్ (మనకి చేరే తీవ్రత) పీ వస్తుంది, పీని ఐతో భాగిస్తే శాతం వస్తుంది, యూ, క్యూల ఆర్క్‌టాన్‌లో సగం తీస్తే యాంగిల్ వస్తుంది. ఆ "సగం" ఉంది చూశారా, సగం తప్పులు అక్కడే పుడతాయి. యాంగిల్‌ని ఉత్తరం నుంచి తూర్పు వైపుకి కొలవాలి, ఇది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1973లో పెట్టిన పద్ధతి. వీ విషయంలో కుడి సర్క్యులర్ మైనస్ ఎడమ సర్క్యులర్ అనేది వాళ్ల రూల్, పల్సర్ల (రేడియో పల్సులు పంపే నక్షత్రాల) మీద పనిచేసే వాళ్లలో మాత్రం దీనికి రివర్స్ అలవాటు ఉంది, అందుకని పాత పేపర్ల నుంచి వీ తీసుకునేటప్పుడు సైన్ చూసుకోండి.

మీ టెలిస్కోప్ ఫీడ్ రెండు రకాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. సర్క్యులర్ అయితే ఆర్, ఎల్ అని రెండు చానెళ్లు (న్యూ మెక్సికోలోని వీఎల్ఏలో ఎక్కువ బ్యాండ్లు ఇలాగే), లీనియర్ అయితే ఎక్స్, వై (చిలీలోని అల్మా, దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్, ఆస్ట్రేలియాలోని ఏటీసీఏ). పుణె దగ్గరి జీఎంఆర్‌టీలో అయితే రెండూ ఉన్నాయి, కింది బ్యాండ్లు సర్క్యులర్, 1.4 గిగాహెర్ట్జ్ వైపు బ్యాండ్ లీనియర్. ఏది అన్నది మొదటిరోజే తెలుసుకోండి, ఎందుకంటే గెయిన్ (ఒక్కో యాంటెన్నా సిగ్నల్‌ని ఎంత పెంచుతోందో, ఎంత జరుపుతోందో) తీసే స్టెప్ నుంచీ రెండింటి దారులు వేరు.

స్టెప్ 1: ఎవరికి ఏ పని అప్పజెప్పాలి

మూడు రకాల సోర్స్‌లు కావాలి. యాంగిల్ ముందే తెలిసింది ఒకటి, లీకేజీ (ఫీడ్‌లో ఒక చానెల్ సిగ్నల్ రెండోదాంట్లోకి కారడం, స్టెప్ 5లో వస్తుంది) తీయడానికి ఒకటి, మీరు కొలవాలనుకుంటున్న కాలిబ్రేటర్లు మిగతావి. ఒక్కోసారి ఒకే సోర్స్ రెండు పనులూ చేస్తుంది.

యాంగిల్‌కి 3సి286 (3సి అనేది రేడియో సోర్స్‌ల కేటలాగ్, తర్వాతిది అందులో నంబరు) దొరికితే ఇంక వేరేది చూడకండి. 2013లో పెర్లీ, బట్లర్ ఇద్దరూ 3సి48, 3సి138, 3సి147, 3సి286 నాలుగింటి లెక్కలు 1 నుంచి 50 గిగాహెర్ట్జ్ దాకా, 1982 నుంచి 2012 వరకు ముప్పై ఏళ్ల డేటాతో ఇచ్చారు. దాని ప్రకారం 3సి286 యాంగిల్ 8 గిగాహెర్ట్జ్ దగ్గర 33 డిగ్రీలు, 45 దగ్గరకొచ్చేసరికి 36, కాలంతోపాటు మాత్రం మారిన దాఖలా లేదు. శాతం 1 గిగాహెర్ట్జ్ చుట్టూ 8.6, 1.45 దగ్గర 9.5, 5 దగ్గర 11 పైచిలుకు. మరి వాళ్లకి 33 ఎక్కడి నుంచి వచ్చింది అని అడగాలి కదా, మొదట్లో అన్న ముడి అదే. వాళ్లు మార్స్‌ని వాడారు. గ్రహం ఉపరితలం నుంచి వచ్చే ఉష్ణ రేడియో ఉద్గారం అంచుల దగ్గర కేంద్రం నుంచి బయటికి ఉన్న దిశలోనే పోలరైజ్ అవుతుంది, అంటే రేడియల్‌గా. అది ఏ కేటలాగ్‌లోనో చూసి నమ్మాల్సింది కాదు, ఫిజిక్స్ చెప్పేది. అలా ఆ గొలుసు మార్స్ దగ్గర ఆగుతుంది. నాకైతే ఈ సబ్జెక్ట్ మొత్తంలో అందమైన ముక్క ఇదే.

3సి286 దిగిపోయిన టైమ్‌లో 3సి138 వాడతారు, కింది ఫ్రీక్వెన్సీల్లో దాని యాంగిల్ మైనస్ పది పన్నెండు డిగ్రీల చుట్టూ ఉంటుంది, కానీ అది నెమ్మదిగా మారే రకం, ఫ్లక్స్ మారినప్పుడల్లా పోలరైజేషన్ కూడా దాంతోపాటే కదులుతుంది. పదేళ్ల కిందటి వాల్యూ తీసుకుని వాడితే మీ ఖర్మ. 3సి48 అయితే కింద అర శాతమో ఎంతో, 5 గిగాహెర్ట్జ్ దగ్గర 4 శాతం పైన, కాబట్టి పై బ్యాండ్లలోనే యాంగిల్‌కి పనికొస్తుంది.

లీకేజీకి పోలరైజేషన్ లేని సోర్స్ అయితే పని తేలిక: 3సి147 కింది ఫ్రీక్వెన్సీల్లో, 1.4 చుట్టూ దాదాపు సున్నా, 3సి84, ఓక్యూ208 కూడా ఇందుకే వాడతారు. పై ఫ్రీక్వెన్సీలకి వెళ్లేకొద్దీ 3సి147 కూడా పోలరైజ్ అవుతుంది, అక్కడ దాన్ని సున్నా అనుకుంటే దాని పోలరైజేషన్ మొత్తం మీ లీకేజీ టేబుల్‌లో కూర్చుంటుంది.

స్టెప్ 2: టైమ్ టేబుల్ వేయడం (ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఎవరూ కాపాడలేరు)

పారలాక్టిక్ యాంగిల్ అంటే ఆకాశంలో ఉత్తరం దిక్కు మీ ఫీడ్ నిలువు గీతతో చేసే కోణం. ఆల్ట్-అజిమత్ మౌంట్ (పైకీ కిందికీ, పక్కలకీ తిరిగేది) ఉన్న డిష్‌లో సోర్స్ తూర్పు నుంచి పడమరకి వెళ్లేకొద్దీ ఇది మారుతుంది. ఈక్వటోరియల్ మౌంట్‌లో (భూమి అక్షానికి సమాంతరంగా ఉన్న ఇరుసు మీద తిరిగేది) మారదు, నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ అలాంటిది, అక్కడ మన కిటుకు పనిచేయదు, తెలిసిన సోర్స్‌ల మీదే ఆధారపడాలి.

లీకేజీ సోర్స్ పోలరైజేషన్ మీకు తెలియకపోతే కనీసం 60 డిగ్రీల పారలాక్టిక్ కవరేజీ, మూడు నాలుగు స్కాన్లకి (స్కాన్ అంటే ఒక సోర్స్‌ని ఒక విడతలో చూడటం) తక్కువ కాకుండా కావాలి. అందరూ ఇక్కడ చేసే పొరపాటు "నాలుగు గంటలు చూశాం, బోలెడు" అనుకోవడం. గంటలు కాదు, డిగ్రీలు చూడాలి. ఒక లెక్క చూపిస్తా. వీఎల్ఏ అక్షాంశం 34.1 ఉత్తరం, 3సి286 డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) ప్లస్ 30.5, అంటే అది నడినెత్తికి మూడున్నర డిగ్రీల పక్కనుంచి వెళ్తుంది. మెరిడియన్ (నడినెత్తి మీదుగా వెళ్లే ఉత్తర దక్షిణ గీత) దాటడానికి 4 గంటల ముందు పారలాక్టిక్ యాంగిల్ మైనస్ 69. మూడు గంటల ముందు మైనస్ 72. రెండు గంటల ముందు మైనస్ 74. ఒక గంట ముందు మైనస్ 70. అంటే మూడు గంటలు కూర్చుని చూసినా అది అయిదు డిగ్రీల లోపే అటూ ఇటూ ఊగింది! ఆ తర్వాత అరగంట ముందు మైనస్ 58, మెరిడియన్ మీద సున్నా, గంట తర్వాత ప్లస్ 70. అక్కడ రెండు గంటల్లో 140 డిగ్రీలు. ఇదంతా ఒక చిన్న ఫార్ములా: అక్షాంశం కొసైన్‌ని అవర్ యాంగిల్ (సోర్స్ మెరిడియన్‌కి ఎంత దూరంలో ఉందో చెప్పే కోణం) సైన్‌తో గుణించి పైన పెట్టండి, కింద అక్షాంశం సైన్ ఇంటూ డెక్లినేషన్ కొసైన్, అందులోంచి అక్షాంశం కొసైన్ ఇంటూ డెక్లినేషన్ సైన్ ఇంటూ అవర్ యాంగిల్ కొసైన్ తీసేయండి, మొత్తానికి ఆర్క్‌టాన్. స్ప్రెడ్‌షీట్‌లో అయిదు నిమిషాల పని, ప్రతి సోర్స్‌కీ వేసుకుని అప్పుడు స్కాన్లు పెట్టండి.

స్కాన్లు గుంపుగా కాకుండా యాంగిల్ మీద సమానంగా పరుచుకునేలా పెట్టండి. పోలరైజేషన్ లేని సోర్స్ అయితే ఒక్క మంచి స్కాన్ చాలు, కానీ నేను రెండు పెడతా, ఒకటి ఆర్‌ఎఫ్‌ఐకో (మనుషుల పరికరాల రేడియో రొద) వానకో బలైపోతే రెండోది ఉంటుంది. ఇంకోటి, అబ్జర్వేషన్ మధ్యలో కోరిలేటర్ (యాంటెన్నాల సిగ్నళ్లని జతలుగా కలిపే యంత్రం) సెటప్, ఫ్రీక్వెన్సీ ట్యూనింగ్ ఏదీ ముట్టుకోకండి, ముట్టుకుంటే ఆర్, ఎల్ మధ్య ఫేజ్ కొత్తగా మొదలవుతుంది, దాని ముందు తీసిన యాంగిల్ కాలిబ్రేషన్ ఆ తర్వాతి డేటాకి పనికిరాదు.

స్టెప్ 3: మామూలు కాలిబ్రేషన్, కానీ లీనియర్ ఫీడ్ వాళ్లు ఆగండి

ఫ్లాగింగ్ (చెడ్డ డేటా తీసేయడం), డిలే (సిగ్నల్ ఆలస్యం), బ్యాండ్‌పాస్ (ఫ్రీక్వెన్సీతో మారే స్పందన), గెయిన్, ఇవన్నీ మామూలుగా ఐ కోసం చేసేవే, అందుకని వీటి మీద ఎక్కువ రాయను. ఫ్లాగింగ్ మాత్రం క్రాస్ హ్యాండ్స్ (ఒక యాంటెన్నా ఆర్‌ని ఇంకోదాని ఎల్‌తో కలిపినవి, ఆర్ఎల్, ఎల్ఆర్) విడిగా చూసి చేయండి. ఆర్ఆర్, ఎల్ఎల్‌లో కనిపించని చిన్న ఆర్‌ఎఫ్‌ఐ ఆర్ఎల్‌లో ఏనుగులా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ అసలు సిగ్నలే తక్కువ. రెఫరెన్స్ యాంటెన్నా (మిగతావాటి ఫేజ్‌ని దేనితో పోలుస్తామో అది) ఒకటే ఎంచుకుని చివరిదాకా అదే వాడండి, మధ్యలో అది ఫ్లాగ్ అయిపోయి సాఫ్ట్‌వేర్ ఇంకో యాంటెన్నాకి మారిపోతే యాంగిల్ అక్కడ ఒక మెట్టు ఎక్కేస్తుంది.

సర్క్యులర్ ఫీడ్‌లో ఆర్ఆర్ అంటే ఐ ప్లస్ వీ, ఎల్ఎల్ అంటే ఐ మైనస్ వీ. వీ మామూలుగా చాలా తక్కువ కాబట్టి గెయిన్ తీసేటప్పుడు లీనియర్ పోలరైజేషన్ అడ్డురాదు. లీనియర్ ఫీడ్‌లో అలా కాదు. ఎక్స్ఎక్స్‌లో ఐతోపాటు క్యూ, యూలు పారలాక్టిక్ యాంగిల్‌కి రెట్టింపు వేగంతో ఊగుతూ ఉంటాయి, వైవైలో అదే ఊపు వ్యతిరేక దిశలో. 3సి286ని లీనియర్ ఫీడ్‌తో చూస్తే ఎక్స్ఎక్స్ 9.5 శాతం పైకీ కిందికీ ఊగుతుంది. మోడల్‌లో సోర్స్ పోలరైజేషన్ లేదు అని పెట్టి ఎక్స్‌కి, వైకి విడివిడిగా గెయిన్ తీశారో, ఆ ఊపు మొత్తాన్ని గెయిన్ మింగేసి "సోర్స్‌లో ఏం లేదు, యాంటెన్నా ఊగుతోంది" అంటుంది. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు. కాసాలో (రేడియో డేటాని సరిచేసే సాఫ్ట్‌వేర్) అయితే దీన్ని తిరగేసి వాడుకోవచ్చు కూడా, గెయిన్ టేబుల్‌లో ఎక్స్ బై వై నిష్పత్తి ఊపు చూసి క్యూ, యూ అంచనా వేయడానికి పోల్‌ఫ్రమ్‌గెయిన్ అనే టాస్క్ ఉంది, ఆ అంచనాని మోడల్‌లో పెట్టి గెయిన్ మళ్లీ తీయాలి. ఒక్కసారితో తెమలదు, రెండు రౌండ్లు.

స్టెప్ 4: క్రాస్ హ్యాండ్ డిలే

ఇంతదాకా ఆర్ యాంటెన్నాలన్నీ ఒకదానితో ఒకటి, ఎల్ యాంటెన్నాలన్నీ ఒకదానితో ఒకటి కుదురుకున్నాయి. ఈ రెండు గుంపుల మధ్య మాత్రం రెఫరెన్స్ యాంటెన్నాలో ఉన్న తేడా అలాగే మిగిలింది. అది కొన్ని నానోసెకండ్లు ఉంటుంది. 10 నానోసెకండ్ల తేడా ఉంటే 100 మెగాహెర్ట్జ్‌లో క్రాస్ హ్యాండ్ ఫేజ్ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది, 128 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రల్ విండోని (బ్యాండ్‌లో ఒక ముక్కని) సగటు చేస్తే పోలరైజేషన్ దాదాపు మాయం. పోలరైజేషన్ బలంగా ఉన్న సోర్స్ తీసుకుని (మళ్లీ 3సి286నే) కాసాలో గెయిన్‌క్యాల్‌కి కేక్రాస్ అని ఇస్తే ఈ డిలే వస్తుంది. వేసే ముందు, వేసిన తర్వాత ఆర్ఎల్ ఫేజ్‌ని ఫ్రీక్వెన్సీ మీద ప్లాట్ చేసి చూడండి, రంపం పళ్లలా ఉన్నది చదునుగా అవ్వాలి. అవ్వకపోతే ముందుకి వెళ్లకండి.

స్టెప్ 5: లీకేజీ, ఈ పని మొత్తానికి గుండెకాయ

ఏ ఫీడూ పర్ఫెక్ట్ కాదు. ఆర్ చానెల్‌లోకి ఎల్ సిగ్నల్ కొంచెం కారుతుంది, ఎల్‌లోకి ఆర్ కారుతుంది. ఈ కారడాన్ని డీ-టర్మ్ అంటారు, ఒక్కో యాంటెన్నాకి రెండు, రెండూ కాంప్లెక్స్ నంబర్లు, కొన్ని శాతాలు ఉంటాయి. కొన్ని శాతాలే కదా అనుకోకండి. కారేది ఐ, కొలవాలనుకునేది ఐలో కొన్ని శాతాలు ఉండే పీ. 14.8 జాన్స్కీల (జాన్స్కీ అంటే ఫ్లక్స్‌కి కొలమానం) సోర్స్‌లో 5 శాతం కారితే 0.74 జాన్స్కీలు దొంగ పోలరైజేషన్, 3సి286 అసలు పోలరైజేషనే 1.4 జాన్స్కీలు.

సర్క్యులర్ ఫీడ్‌లో ఒక బేస్‌లైన్ (రెండు యాంటెన్నాల జత) ఆర్ఎల్ విజిబిలిటీ (ఆ జత సిగ్నళ్లు కలిపితే వచ్చే కొలత) ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: క్యూ ప్లస్ ఐ-యూ అనే కాంప్లెక్స్ వెక్టర్, అది మైనస్ రెండు రెట్ల పారలాక్టిక్ యాంగిల్‌తో తిరిగి, దానికి స్టోక్స్ ఐ ఇంటూ రెండు యాంటెన్నాల డీ-టర్మ్‌ల మొత్తం కలిసి. (వెక్టర్‌లో ఐ-యూ అన్నప్పుడు ఐ మైనస్ ఒకటికి వర్గమూలం, స్టోక్స్ ఐ కాదు, ఈ పేర్ల గోల ఎవరు పెట్టారో.)

ఇప్పుడు దీన్ని మాటల్లో కాదు, బొమ్మలో చూడండి. ఒక్క బేస్‌లైన్, ఒక్క ఫ్రీక్వెన్సీ చానెల్ తీసుకోండి. అడ్డంగా ఆర్ఎల్ రియల్, నిలువుగా ఇమాజినరీ పెట్టి ఒక్కో స్కాన్‌కి ఒక్కో చుక్క పెట్టండి. పారలాక్టిక్ యాంగిల్ మారేకొద్దీ చుక్కలు ఒక వృత్తం మీద నడుస్తాయి. ఆ వృత్తం వ్యాసార్థం సోర్స్ పోలరైజేషన్. ఆ వృత్తం కేంద్రం సున్నా దగ్గర ఉండదు, పక్కకి జరిగి ఉంటుంది, ఆ జరిగిన దూరమే లీకేజీ. తిరిగేది సోర్స్‌ది, తిరగనిది మెషీన్‌ది అన్నానే, కళ్లముందు కనిపించేది ఇక్కడ. 60 డిగ్రీలు ఎందుకు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది, 60 డిగ్రీలు పారలాక్టిక్ అంటే వృత్తం మీద 120 డిగ్రీల చాపం, అంటే మూడో వంతు. మూడో వంతు చాపం ఉంటే కేంద్రం ఎక్కడో ధైర్యంగా చెప్పొచ్చు. పది డిగ్రీల ముక్క ఇచ్చి కేంద్రం చెప్పమంటే సాఫ్ట్‌వేర్ చెప్తుంది, ఎందుకు చెప్పదు, అంకెలు ఇవ్వడానికి దానికి సిగ్గుండదు, కానీ ఆ అంకె దేనికీ పనికిరాదు. పోలరైజేషన్ లేని సోర్స్ అయితే వృత్తం వ్యాసార్థం సున్నా, చుక్కలన్నీ కేంద్రంలోనే పడతాయి, అందుకే దానికి ఒక్క స్కాన్ చాలు.

కాసాలో పోల్‌క్యాల్ టాస్క్. పోలరైజేషన్ లేని సోర్స్‌కి డీఎఫ్ అనే టైప్, తెలియని దానికి డీఎఫ్ ప్లస్ క్యూయూ. ఆఖర్లో ఉన్న ఎఫ్ అంటే చానెల్‌వారీగా తీయమని, దాన్ని వదలకండి, లీకేజీ ఫ్రీక్వెన్సీతో బాగా మారుతుంది, బ్యాండ్ అంచుల్లో మరీను. టేబుల్ వచ్చాక ప్రతి యాంటెన్నాకీ యాంప్లిట్యూడ్ ప్లాట్ చేయండి. మెల్లగా అలలా మారుతూ 10 శాతం లోపల ఉంటే సరే, ఒక్క యాంటెన్నా 30 శాతం చూపిస్తే దాన్ని తీసేయండి, బతిమాలకండి.

ఒక మాట. ఈ లీకేజీలు రెఫరెన్స్ యాంటెన్నాకి సాపేక్షంగానే వస్తాయి, అసలు విలువలు కావు. పోలరైజేషన్ లేని సోర్స్‌తో తీసినప్పుడు అన్ని ఆర్ డీ-టర్మ్‌లకీ ఒకే స్థిరాంకం కలిపి ఎల్ వాటినుంచి తగ్గట్టు తీసేస్తే క్రాస్ హ్యాండ్స్‌లో తేడా తెలియదు. లీనియర్ పోలరైజేషన్‌కి మొదటి ఆర్డర్‌లో దీనివల్ల నష్టం లేదు. వీ కొలవాలనుకునే వాళ్లకి మాత్రం ఉంది, వాళ్ల దారి వేరే. 1996లో హామేకర్, బ్రెగ్‌మాన్, సాల్ట్ రాసిన మాట్రిక్స్ పద్ధతిలో ఇదంతా శుభ్రంగా కనిపిస్తుంది, పైన నేను చెప్పింది దాని చిన్న లీకేజీ ఉజ్జాయింపు మాత్రమే.

స్టెప్ 6: యాంగిల్‌కి ఉత్తరం చూపించడం

లీకేజీ పోయింది, వృత్తం కేంద్రం సున్నాకి వచ్చింది. కానీ వృత్తం మీద ఏ చుక్క ఏ దిక్కో ఇంకా తెలీదు, ఆర్, ఎల్ మధ్య ఒక ఫేజ్ మిగిలే ఉంది. ఇక్కడ 3సి286కి మోడల్ పెట్టాలి. కాసాలో సెట్‌జైలో ఫ్లక్స్, పోలరైజేషన్ శాతం, యాంగిల్ ఇవ్వాలి, యాంగిల్ రేడియన్లలో అడుగుతుంది, డిగ్రీలు ఇచ్చేసి రాత్రంతా తల పట్టుకున్న వాళ్లు చాలామంది. చేత్తో లెక్కేసి సరిచూసుకోండి: 1.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఐ సుమారు 14.8 జాన్స్కీలు, 9.5 శాతం అంటే పీ 1.41, యాంగిల్ 33 కాబట్టి రెట్టింపు 66, క్యూ అంటే 1.41 ఇంటూ కొసైన్ 66, దాదాపు 0.57, యూ దాదాపు 1.28. రెండూ పాజిటివ్, యూ క్యూకి రెండు రెట్లు పైన. మీ మోడల్‌లో ఇలా లేకపోతే ఎక్కడో 66 బదులు 33 పడింది. తర్వాత పోల్‌క్యాల్‌లో ఎక్స్ఎఫ్ టైప్ రన్ చేస్తే చానెల్‌వారీగా ఆ ఫేజ్ వస్తుంది.

లీనియర్ ఫీడ్‌లో కథ వేరు, అక్కడ యాంగిల్ ఫీడ్‌ని ఏ దిక్కుకి బిగించారో దాన్నిబట్టి చాలావరకు వచ్చేస్తుంది, తెలియనిది ఎక్స్, వై మధ్య ఫేజ్. దాంట్లో 180 డిగ్రీల సందిగ్ధత ఉంటుంది, తప్పు వైపు పడితే ఫీడ్ ఫ్రేమ్‌లో యూ, వీ సైన్ తిరగబడుతుంది. దాన్ని తేల్చాలంటే పోలరైజేషన్ ఉజ్జాయింపుగానైనా తెలిసిన సోర్స్ కావాలి.

స్టెప్ 7: అప్లై చేసి కొలవడం

అప్లైక్యాల్‌లో (కాసాలో కాలిబ్రేషన్‌ని డేటాకి వేసే టాస్క్) పారాంగ్ అనే ఆప్షన్‌ని ట్రూ చేయండి, పారలాక్టిక్ యాంగిల్ తిరుగుడుని తీసేసేది అదే. ఇది మర్చిపోయి నేను రెండు రోజులు పోగొట్టుకున్నా. ఒక కాలిబ్రేటర్ యాంగిల్ స్కాన్ స్కాన్‌కీ మారిపోతోంది, రోజులోనే ఇంత మారే సోర్స్ దొరికిందని సంబరపడి ప్లాట్ కూడా వేసేశా. అడ్డంగా టైమ్ తీసేసి పారలాక్టిక్ యాంగిల్ పెట్టి చూస్తే గీత గీసినట్టు సూటిగా పడింది. సోర్స్ కదల్లేదు, నేనే డిష్‌తోపాటు తిరుగుతున్నా.

ఇమేజ్ నాలుగు స్టోక్స్‌లలో చేయండి. విలువలు చదివేది స్టోక్స్ ఐ పీక్ ఎక్కడ ఉందో ఆ పిక్సెల్ దగ్గర, క్యూలో, యూలో. పీ మ్యాప్ చేసి దాని పీక్ వెతక్కండి, పీ ఎప్పుడూ పాజిటివ్ కాబట్టి నాయిస్ ఉన్నచోట కూడా ఏదో ఒకటి చూపిస్తుంది, వెతికినకొద్దీ పెద్దది దొరుకుతుంది. ఆ పక్షపాతాన్ని సరిచేయడానికి పీ స్క్వేర్ నుంచి నాయిస్ స్క్వేర్ తీసేసి వర్గమూలం తీస్తారు, పీ నాయిస్‌కి నాలుగు రెట్లు దాటితే ఇది బాగానే పనిచేస్తుంది. పైన చెప్పిన కేటలాగ్ విలువలు మొత్తం సోర్స్‌కి కలిపి ఇచ్చినవి, 3సి286కి కొన్ని ఆర్క్‌సెకండ్ల దాకా పాకిన భాగాలున్నాయి, మీ బీమ్ (ఇమేజ్‌లో విడిగా కనిపించగల కనీస సైజు) దానికంటే సన్నగా ఉంటే ఒక్క పిక్సెల్ చదివితే చాలదు, మొత్తం కూడాలి. ఈ పద్ధతిలో విజిబిలిటీల సగటు తీసి కూడా కొలవొచ్చు, సోర్స్ ఒంటరిగా ఫేజ్ సెంటర్‌లో (ఇమేజ్ నడిమధ్య) ఉంటే రెండూ ఒకటే అంకె ఇవ్వాలి.

స్టెప్ 8: తప్పు ఎంత ఉండొచ్చో రాయడం

యాంగిల్‌లో నాయిస్ వల్ల వచ్చే తప్పు డిగ్రీల్లో 28.65 ఇంటూ నాయిస్ బై పీ. కాలిబ్రేటర్లు ప్రకాశవంతమైనవి కాబట్టి ఈ అంకె చిన్నగా, ముద్దుగా వస్తుంది, దాన్నే పేపర్లో పెట్టేస్తారు. అసలు తప్పు మిగిలిపోయిన లీకేజీది. బాగా చేసిన కాలిబ్రేషన్‌లో కూడా ఐలో 0.1 నుంచి 0.5 శాతం దాకా మిగులుతుంది. 0.3 అనుకోండి. 3సి286లో అది 44 మిల్లీజాన్స్కీలు, పీ 1406, తప్పు 0.9 డిగ్రీ. అదే 0.3 శాతం లీకేజీ 1 శాతమే పోలరైజ్ అయిన సోర్స్ మీద పడితే 8.6 డిగ్రీలు! నాయిస్ తప్పు 0.05 డిగ్రీ అని రాసి ఊరుకుంటే మీ తర్వాత మీ విలువ వాడుకునేవాడు మునుగుతాడు. కాలిబ్రేటర్ కొలత కాబట్టి ఈ తప్పు మీతో ఆగదు, దాన్ని వాడిన ప్రతి అబ్జర్వేషన్‌లోకీ పోతుంది.

స్టెప్ 9: అయనోస్ఫియర్, కింది ఫ్రీక్వెన్సీ వాళ్ల శని

1845లో ఫారడే కనిపెట్టిన రొటేషనే ఇది, అయస్కాంత క్షేత్రం ఉన్న ప్లాస్మా గుండా వెళ్తే యాంగిల్ తిరుగుతుంది, తరంగదైర్ఘ్యం స్క్వేర్‌తో పెరుగుతూ. తలమీద అయనోస్ఫియర్‌లో 10 టెక్ యూనిట్ల (టెక్ అంటే దారిలో ఉన్న మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క) ఎలక్ట్రాన్లు, 40 మైక్రోటెస్లా క్షేత్రం ఉంటే రొటేషన్ మెజర్ (తరంగదైర్ఘ్యం స్క్వేర్‌కి ఎంత తిరుగుడో) సుమారు 1 రేడియన్ పర్ స్క్వేర్ మీటర్. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాంతో యాంగిల్ 2.6 డిగ్రీలు తిరుగుతుంది, 330 మెగాహెర్ట్జ్ దగ్గర 47. 5 గిగాహెర్ట్జ్‌లో అయితే పట్టించుకోనక్కర్లేదు. పైగా ఇది సూర్యోదయం, మధ్యాహ్నం, రాత్రి అంటూ మారుతూ ఉంటుంది, ఉదయం తీసిన యాంగిల్ కాలిబ్రేషన్‌ని మధ్యాహ్నం డేటాకి వేస్తే ఆ తేడా మీ సోర్స్ ఖాతాలో పడుతుంది. జీపీఎస్ నుంచి తీసిన టెక్ మ్యాపులు వాడి సరిచేయొచ్చు, కాసాలో దానికి టూల్ ఉంది, అయితే గెయిన్ మొదలుపెట్టకముందే వేయాలి. బ్యాండ్ వెడల్పుగా ఉంటే యాంగిల్‌ని తరంగదైర్ఘ్యం స్క్వేర్ మీద ప్లాట్ చేయండి, 3సి286 సొంత రొటేషన్ మెజర్ దాదాపు సున్నా, దాని గీత వాలి ఉందంటే ఆ వాలు చాలావరకు మన ఆకాశానిదే.

స్టెప్ 10: నమ్మే ముందు

మొదటిది, అన్నీ అప్లై అయ్యాక ప్రతి సోర్స్‌కీ స్కాన్‌వారీగా క్యూ, యూలు తీసి పారలాక్టిక్ యాంగిల్ మీద ప్లాట్ చేయండి. ఇప్పుడు పాత్రలు తారుమారవుతాయి: పారాంగ్ సవరణ తర్వాత సోర్స్ కదలకుండా నిలబడుతుంది, మిగిలిపోయిన లీకేజీయే తిరుగుతూ కనిపిస్తుంది. క్యూ, యూ అలల్లా ఊగితే ఆ ఊపు ఎత్తే మీ మిగిలిన లీకేజీ, స్టెప్ 8లో 0.3 అని ఊహించక్కర్లేదు, ఇక్కడినుంచి కొలిచి రాయండి.

రెండోది, లీకేజీని వేరే సోర్స్‌తో మళ్లీ తీసి రెండు టేబుళ్లతో వచ్చిన జవాబులు పోల్చండి. ఒకటి 3సి84తో, ఇంకోటి మీ గెయిన్ కాలిబ్రేటర్‌తో డీఎఫ్ ప్లస్ క్యూయూ వేసి. రెండిట్లో ఒకే తప్పు ఉండే అవకాశం తక్కువ.

మూడోది, 3సి138ని కూడా చూసి ఉంటే దాని యాంగిల్ 3సి286 ఆధారంగా తీసి ఈ మధ్యకాలంలో ఎవరైనా ఇచ్చిన విలువతో పోల్చండి. పది పన్నెండు డిగ్రీలు మైనస్‌లో రావాల్సింది ప్లస్‌లో వస్తే ఎక్కడో యూ సైన్ తిరగబడింది.

ఆఖర్న, 1.45 గిగాహెర్ట్జ్‌లో లీకేజీకి వాడకుండా పక్కన పెట్టుకున్న 3సి147 స్కాన్ ఒకటి ఉంటే దాని క్యూ, యూ చదవండి. అక్కడ ఏమీ రాకూడదు. వచ్చినదేదైనా, అది 0.1 శాతమైనా 0.4 అయినా, మీ మెషీన్ది. మీ టేబుల్‌లో అంతకంటే తక్కువ శాతం చూపిస్తున్న ప్రతి కాలిబ్రేటర్ పక్కనా యాంగిల్ గడి ఖాళీగా వదిలేసి, శాతం గడిలో "ఇంతకంటే తక్కువ" అని రాయండి.